మూడో అంతస్తులో కనబడిన తలుపు

మల్లిక అపార్ట్‌మెంట్ తబిత వీడియోలోంచి గుమ్మడికాయను మాయం చేసి, వాచ్‌మన్ బాలనర్సయ్యను స్టేషన్ నుంచి విడిపించిందని ఫిలింనగర్ నుంచి షేక్‌పేట దాకా చెప్పుకుంటున్నారు. కృష్ణానగర్ చేరేసరికి ఆ మాటకు రెక్కలు కూడా మొలిచాయి. ఆమె ఆఫీసులో కూర్చునే ఏ ఇంటి కెమెరానైనా తిప్పగలదట, ఉన్న మనిషిని లేకుండా, లేని మనిషిని ఉన్నట్టుగా చేయగలదట. నిప్పు లేనిదే పొగ రాదంటారు, నిజమే. కానీ ఈ పొగ లేచిన పొయ్యి వేరు. ఆ గుమ్మడికాయను ఎవరూ మాయం చేయలేదు. తబిత ఆ వీడియో మీద వేలు కూడా పెట్టలేదు. ఆమె చేసిన పని వేరు, చేయని పని వేరు. తెలియనివాళ్లు దేవత అంటున్నారు, సగం తెలిసినవాళ్లు మాయలమారి అంటున్నారు. రెండూ కాదు. ఆమె భయస్తురాలు, అంతే.

తబితది ఏలూరు. తండ్రి ఆనందకుమార్ మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో ఒక కుక్క ఉండేది. ఆ కుక్క సంగతి ఇంట్లో చెబితే తండ్రి దాని యజమానితో మాట్లాడేవాడే. తబిత చెప్పలేదు. రోజూ పది నిమిషాలు ముందు బయలుదేరి మూడు వీధులు చుట్టి వెళ్లేది. అలా అయిదేళ్లు తిరిగింది. బడికి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని బహుమతి కూడా ఇచ్చారు.

కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్ వచ్చి, మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరింది. ప్రేమ్ చంద్‌ను పెళ్లాడింది. అతనిది సినిమా కెమెరా పక్కన నిలబడి ఫోకస్ తిప్పే పని. అందుకే ఫిలింనగర్ వాలులో, కింది అంతస్తులో కిరాయికి దిగారు. మొగుడిది కెమెరా పక్కన పని, పెళ్లానిది కెమెరా లోపలి పని అని వాళ్లను చూసి నవ్వుకునేవాళ్లు.

ఆ లోపలి పనేమిటో ఎవరికీ సరిగా తెలియదు. తబిత ఒకసారి పై అంతస్తు కాస్ట్యూమ్స్ బాలమణికి టిఫిన్ సెంటర్‌ను చూపించి చెప్పింది. సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టెలో ఒక చిప్ ఉంటుంది, అది వంటమాస్టర్ లాంటిది. కెమెరాల నుంచి వచ్చే బొమ్మల్ని వరసగా పళ్లేలలో వడ్డిస్తుంది. ఆ పళ్లేలే మెమొరీ. చిప్ గంట కొట్టగానే పళ్లెం ఎత్తి ఏ టేబుల్‌ది ఆ టేబుల్‌కు చేర్చే సర్వర్ ఒకడుంటాడు. వాడు మనిషి కాదు, రాసిన ప్రోగ్రామ్. దాన్నే డ్రైవర్ అంటారు. తబిత రాసేది ఆ సర్వర్‌ని.

ఆ వంటమాస్టర్‌కు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. కరెంటు ఒక్క రెప్పపాటు తడబడితే, పళ్లెంలో ఏమీ పెట్టకుండానే గంట కొట్టేస్తాడు. సర్వర్ చూసుకోకుండా పళ్లెం ఎత్తుతాడు. అందులో ఉన్నది ముందు టేబుల్ వాళ్ల ఎంగిలి. అది తీసుకెళ్లి వీళ్ల ముందు పెడతాడు. చిప్‌లను లక్షల్లో పోత పోసేశారు, వాటిని మార్చడం ఎవరి తరమూ కాదు. అందుకని తబిత సర్వర్‌కు ఒక ఉపాయం నేర్పింది. ఖాళీ పళ్లెంలో ముందుగా ఒక ఎండుమిరపకాయ పెట్టు. గంట మోగాక చూడు. మిరపకాయ ఇంకా కనబడుతోందంటే అందులో ఏమీ వడ్డించలేదన్నమాట, ఆ పళ్లెం ఎత్తకు. తొమ్మిది లైన్లలో రాసిందట ఆ ఉపాయాన్ని.

"మంచి ఉపాయమేనే అమ్మాయ్," అంది బాలమణి. "మరి మీ హోటల్లో ఇప్పుడు ఎంగిలి రావట్లేదుగా?"

తబిత తల దించుకుని చట్నీ కలుపుకుంది. ఎందుకంటే ఆ తొమ్మిది లైన్లు పెట్టెలో లేవు. ప్రతి పళ్లెమూ చూసుకుంటూ పోతే సర్వర్ నెమ్మదిస్తాడు. కొనేవాళ్లు సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు అడిగితే ఇరవై రెండే వచ్చాయి. "తీసెయ్, కరెంటు ఎన్నిసార్లు పోతుంది?" అన్నాడు మేనేజర్ శ్రీకాంత్. అతను పైఊళ్లలో, ఎప్పుడూ కరెంటు పోని దేశాల్లో ఉండే కొనుగోలుదారుల్ని తలచుకుని అన్నాడు. అన్నది అతను, తీసింది తబిత. ఇది తప్పు అని ఒక మాట రాసి పంపవచ్చు. పంపలేదు. మాంద్యం మొదలై, శుక్రవారం వస్తే ఎవరో ఒకరు అట్టపెట్టెలో సామాన్లు సర్దుకుని వెళుతున్న రోజులవి.

2009 జూన్‌లో మల్లిక అపార్ట్‌మెంట్‌లో కెమెరాలు పెట్టారు. కింద ఒకటి, పైన మూడు, అంతస్తుకు ఒకటి చొప్పున వరండా కనబడేలా. పెట్టెను, కరెంటు పోతే దాన్ని నడిపే బ్యాటరీని కొనుక్కొచ్చింది సెక్రటరీ లక్ష్మయ్య. ముప్పై ఏళ్లు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసిన మనిషి, పాత షేక్‌పేటలో పుట్టినవాడు. లిఫ్ట్ పక్కనున్న అసోసియేషన్ గదిలో టీవీ ముందు అందర్నీ కూర్చోబెట్టి పెట్టె ఆన్ చేశాడు. తెర మీద మొదట వచ్చిన సాఫ్ట్‌వేర్ నంబరు చూసి తబిత ముఖం వెలిగిపోయింది. ఆ నంబరు తాను పెట్టిందే.

"ఇందులో నా పని ఉంది అంకుల్," అంది.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బావుండేదో అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

ఆగస్టులో ఒక గురువారం, మధ్యాహ్నం రెండు దాటాక, మూడో అంతస్తు శ్యామలాదేవి ఇంట్లో బంగారు వడ్డాణం పోయింది. శ్యామలాదేవి ఒకప్పుడు తెర మీద అక్కయ్య, వదిన వేషాలు వేసింది. ఆ వడ్డాణం తల్లి ఇచ్చినది. ఆమె పార్లర్‌కు వెళ్లివచ్చేసరికి బీరువా తెరిచి ఉంది, తలుపు తాళం మాత్రం చెక్కుచెదరలేదు. సాయంత్రం అయిదుకు అందరూ అసోసియేషన్ గదిలో చేరారు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన తబితను కూడా లక్ష్మయ్య పిలిచాడు.

తెర మీద 'మూడో అంతస్తు' అని పేరు, టైము రెండు గంటల పది నిమిషాలు. ఖాళీ వరండా. బొమ్మ ఒకసారి వణికింది. తర్వాత బాలనర్సయ్య వచ్చాడు. భుజాన తువ్వాలు, ఖాకీ చొక్కా. తలుపు ముందు ఆగాడు, ఇటూ అటూ చూశాడు, వంగాడు. రెండు చేతులూ తలుపు దగ్గరే ఏదో చేస్తున్నాయి. లేచి వెళ్లిపోయాడు. మొత్తం పదకొండు సెకన్లు. బొమ్మ మళ్లీ వణికి, మళ్లీ ఖాళీ వరండా. అదే సమయానికి కింది కెమెరా పెడితే, అందులో ఎవరూ లేరు. బొమ్మ కదలకుండా నిలిచిపోయి ఉంది.

"చూసిన్రా," అన్నాడు లక్ష్మయ్య. "కింద ఉండాల్సినోడు కింద లేడు. పైన ఉన్నడు."

బాలనర్సయ్య తెరను చూసి, తన కాళ్లను చూసుకున్నాడు. "నేను పైకి పోలే సార్. కరెంటు పోయింది, జనరేటర్ ఎయ్యనీకి సెల్లార్‌కు పోతున్న. గాడ చెప్పు బోర్ల పడి ఉంటే సక్కగ బెట్టిన. బోర్ల పడితే ఇంట్ల లొల్లి అయితదని."

"ఏ చెప్పురా? నేను చెప్పులు బయట విడిచే మనిషినేనా?" అంది శ్యామలాదేవి. "ముప్పై ఏళ్లుగా నా చెప్పులు లోపలే."

"పైన కాదమ్మా, కింద."

"కింద నువ్వు లేవని కెమెరా చెబుతోందిగా."

లక్ష్మయ్య చెయ్యెత్తి ఆపాడు. "నర్సయ్యా, మనిషి అబద్ధమాడుతడు, మిషన్ ఆడదు. గీ మిషన్ మన తబితమ్మ జేసింది. ఏమంటవ్ తబితమ్మా?"

అందరూ తబిత వైపు తిరిగారు. ఆమె మాత్రం తెరనే చూస్తోంది. భవనం మొత్తం ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. ఒకే రంగు గోడలు, ఒకే టేకు రంగు తలుపులు, ఒకే చోట కరెంటు డబ్బా. ఎవరికైనా అది మూడో అంతస్తే. కానీ రోజూ తెరిచే తలుపును మనిషి కళ్లు వేరే గుర్తుపడతాయి. గడప ఎడమ మూల పెచ్చు ఊడిన చోటు ఆమెకు తెలుసు. ప్రేమ్ చంద్ ట్రైపాడ్ కాలు తగిలి ఊడిన పెచ్చు అది. అది తన తలుపు. ఆ బోర్లాపడిన చెప్పు తనది. పొద్దున ఆఫీసు బస్సు తప్పిపోతుందని వేరే జత వేసుకుంటూ హడావిడిగా విడిచిన చెప్పు. కరెంటు పోయి బ్యాటరీకి మారుతూ రెప్ప వేసినప్పుడు సర్వర్ ఒక టేబుల్ ఎంగిలిని ఇంకో టేబుల్ ముందు పెట్టాడు. పదకొండు సెకన్ల పాటు.

చెప్పాలంటే మూడు మాటలు చాలు: అది నా తలుపు. కానీ ఆ మూడు మాటల వెనక వచ్చే ప్రశ్నలన్నీ వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. ఎందుకలా చూపించింది? నీకు ముందే తెలుసా? తెలిస్తే ఎందుకు తీశావ్? కంపెనీ సంగతులు బయట చెప్పనని పెట్టిన సంతకం, ఏటా ఎన్ని వేల పెట్టెలు ఏ ఊళ్లకు వెళ్లాయో అన్నీ గుర్తొచ్చాయి. రేపు శుక్రవారం.

"నేను... సరిగా చూడాలి అంకుల్," అంది.

"చూడు చూడు. పోలీసులకు ఫోన్ చేసిన, వాళ్లూ చూస్తరు."

ఆరున్నరకు జీపు వచ్చింది. బాలనర్సయ్య వెనక సీట్లో కూర్చుంటూ, "జనరేటర్ల డీజిల్ అయిపోవచ్చింది సార్," అని లక్ష్మయ్యకు చెప్పాడు. తబిత తలుపు లోపల నిలబడి ఆ మాట విన్నది. చెప్పులు లోపలికి తెచ్చి మంచం కిందకు తోసింది. ఎందుకు దాస్తోందో ఆమెకే తెలియదు. అరకు అవుట్‌డోర్ షూటింగ్‌లో ఉన్న ప్రేమ్ చంద్‌కు ఫోన్ కలవలేదు. అరగంటకోసారి చేస్తూనే ఉంది. కలవనందుకు లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది, దానికి ఇంకా భయపడింది.

శుక్రవారం పొద్దున ఎల్లమ్మ ఎప్పటిలాగే అంట్లు తోమడానికి వచ్చింది. ఎల్లమ్మ బాలనర్సయ్య భార్య. నాలుగు ఇళ్లలో పని చేస్తుంది, వాటిలో తబిత ఇల్లు ఒకటి. ఏడవలేదు. గిన్నెలు మాత్రం మామూలుకన్నా గట్టిగా తోముతోంది, ఉన్న గీతలు కూడా పోయేలా.

"రాకపోయినా పర్లేదు కదా ఎల్లమ్మా, ఈ రోజు."

"ఇంట్ల కూసుంటే పానం ఆగుతలేదు మేడం. పొద్దుగాల టిఫిన్ బట్టుకపోతే లోపటికి పోనియ్యలే. లోపటినుంచి అరుపులు ఇనొచ్చినయ్. ఆయినవో ఇంకెవ్వరివో." కుళాయి కట్టేసింది. "నువ్ కంప్యూటర్ల పని జేస్తవ్ గద. జర మంచిగ చూడు బిడ్డా. మా ఆయన గట్ల జేసెటోడా?"

"చూస్తాను ఎల్లమ్మా."

"నువ్ చూస్త అన్నవ్, గది చాలు. ఇగ నాకు ఫికర్ లేదు."

ఎల్లమ్మ వెళ్లేటప్పుడు అలవాటు ప్రకారం తడిగుడ్డతో తలుపు తుడిచింది, గడప ఎడమ మూల పెచ్చు ఊడినచోట కాస్త ఎక్కువసేపు. తబిత వంటింట్లోంచి అది చూస్తూ నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి స్టవ్ ఆరిపోయేదాకా ఆమెకు తెలియలేదు.

ఆఫీసులో శ్రీకాంత్ గది తలుపు వేసి చెప్పింది. అంతా కాదు, సగం చెప్పింది. శ్రీకాంత్ కుర్చీలో ముందుకు వంగాడు.

"ఏ బిల్డింగ్? నువ్వుండేదా?"

"అవును."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఇది మన సమస్య కాదు తబితా, చిప్ వాళ్లది. చిప్ వాళ్లు డ్రైవర్ అంటారు. డ్రైవర్ అంటే ఫైల్ తెరుస్తారు. తెరిస్తే పైన ఎవరి పేరుంది?"

తబిత వేసిన తలుపు వైపు చూసింది.

"నేను నిన్ను భయపెట్టడం లేదు," అన్నాడు శ్రీకాంత్, ఇంకా మెల్లగా. "వాచ్‌మన్‌ను ఒకటి రెండు రోజుల్లో వాళ్లే వదిలేస్తారు. దొంగ ఎలాగూ దొరుకుతాడు. నువ్వు నోరు తెరిస్తే మాత్రం పన్నెండు మంది ఇళ్లకు వెళతారు, అందులో మొదటిది నువ్వు."

ఆమె గదిలోంచి వచ్చేసరికి అద్దాల గది దగ్గర రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. ఎవరివో అడగలేదు. సాయంత్రం దాకా కుక్కిన పేనులా కూర్చుని, పాత ఫైల్ తెరిచి, తాను తీసేసిన ఆ తొమ్మిది లైన్లు చదువుకుంది. వాటి పక్కన అప్పట్లో తానే రాసుకున్న మాట ఇంకా ఉంది: ఇది తీస్తే ఒకరి బొమ్మ ఇంకొకరి పేరుతో వెళుతుంది.

శనివారం పొద్దున లక్ష్మయ్య స్టేషన్‌కు వెళ్లివచ్చి వరండాలో నిలబడి చెప్పాడు. బాలనర్సయ్య ఒప్పుకోవడం లేదు, సోమవారం జైలుకు పంపుతారు. "మొండోడు. చెప్పు, చెప్పు అని గదే పాట పాడుతుండు. నిలబడనీకి వస్తలేదు, అయినా గదే పాట." ఆ మాట అంటున్నప్పుడు లక్ష్మయ్య ముఖం కూడా బాగాలేదు. కొడతారని అతను అనుకోలేదు మరి. కంచే చేను మేస్తుందని తెలిసినా కంచె వేయక మానం కదా.

తబిత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. పది నిమిషాలు కూర్చుంది. లేచి మొదటి అంతస్తుకు వెళ్లింది. అక్కడ బాలమణి ఉంటుంది. ముప్పై రెండేళ్లుగా సినిమాల్లో బట్టలు చూసే మనిషి. ఆమె అసలు పని బట్టలు కాదు, కన్ను. హీరోయిన్ ఈ షాట్‌లో ఎడమ చేతికి మూడు గాజులతో లోపలికి వెళ్లిందంటే, నెల తర్వాత ఇంకో ఊళ్లో తీసే షాట్‌లో కూడా మూడే ఉండాలి. ఒకటి తగ్గితే బాలమణి షూటింగ్ ఆపించేది. దాన్నే కంటిన్యూటీ అంటారు. ఆ పనిలో ఆమె మాటకు డైరెక్టర్లు కూడా ఎదురు చెప్పరు.

"బాలమణక్కా, ఆ వీడియో ఒకసారి చూస్తారా?"

"నేనెందుకే? నువ్వుండగా."

"నాకేమీ కనబడటం లేదు. మీ కళ్లకైతే..."

ఎంత అబద్ధమో చూడండి. తబిత మూడు వీధులు చుట్టి వచ్చే దారి అదొక్కటే నేర్చుకుంది.

అసోసియేషన్ గదిలో లక్ష్మయ్య విసుక్కుంటూనే టీవీ పెట్టాడు. బాలమణి కళ్లద్దాలు తుడుచుకుని కూర్చుంది. ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. మూడోసారి సగంలో, "ఆపండి," అంది.

"ఏమైంది?"

"వెనక్కి పెట్టండి. ఇంకాస్త. ఇదిగో, ఇక్కడ పైన బూడిదరంగులో గుండ్రంగా ఏంటది?"

"గుమ్మడికాయ. శ్యామలమ్మ దిష్టికి కట్టింది."

"ఇప్పుడు ముందుకు పెట్టండి. నర్సయ్య వచ్చాడు. గుమ్మడికాయ ఏది?"

లక్ష్మయ్య టీవీ దగ్గరకు వెళ్లాడు, ముక్కు తగిలేంత దగ్గరకు. బాలనర్సయ్య వంగాడు, లేచాడు, వెళ్లిపోయాడు. తలుపు పైన ఉట్టి లేదు, గుమ్మడికాయ లేదు. బొమ్మ వణికింది. గుమ్మడికాయ వచ్చేసింది.

"దొంగతనానికొచ్చినోడు గుమ్మడికాయ విప్పి, పని చేసుకుని, మళ్లీ కట్టి పోయాడా? పదకొండు సెకన్లలో?" అంది బాలమణి. "ఇది ఆ తలుపు కాదు లక్ష్మయ్యగారూ. షాట్ మారింది. ఎక్కడిదో తెచ్చి ఇక్కడ అతికించినట్టుంది."

ముప్పై ఏళ్లు సినిమాల్లో ఉన్న మనిషికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. లక్ష్మయ్య మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్లాడు, వెనకే ఇద్దరూ. గుమ్మడికాయ అక్కడే వేలాడుతోంది, పసుపు కుంకుమలతో, దుమ్ముపట్టిన తాడుతో. శ్యామలాదేవి బయటికొచ్చి, "ఆషాఢ అమావాస్యకు పంతులుగారు కట్టారండీ. ఆ తర్వాత నేను చెయ్యి కూడా పెట్టలేదు," అంది. ఏమైందో విని తలుపుకు ఆనుకుని కూర్చుండిపోయింది. "అయ్యో, వాణ్ని నోటికొచ్చినట్టు అన్నానే."

రెండో అంతస్తు తలుపుకు కూడా గుమ్మడికాయ ఉంది. మొదటి అంతస్తులో బాలమణి తలుపుకు మామిడాకుల తోరణం, ఎండిపోయినా తీయలేదు. కిందికి దిగారు. కింది తలుపు బోసిగా ఉంది. బాలమణి గడప మూల వైపు చూసింది, తర్వాత తబిత వైపు చూసింది.

"నీ తలుపేగా అమ్మాయ్?"

"అవునేమోనండీ," అంది తబిత.

అవునేమో. ఇంటావిడ సొంత తలుపు గురించి అన్న మాట అది. బాలమణి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మిషన్ గిట్లెట్ల జేస్తది తబితమ్మా?" అని లక్ష్మయ్య అడిగాడు.

"కరెంటు పోయినప్పుడు వైర్లు ఒకదానికొకటి తగిలి ఉంటాయి అంకుల్."

లక్ష్మయ్య నమ్మాడు. వైర్లు లాగినవాళ్లను నాలుగు తిట్టి, పెట్టె మొత్తం విప్పుకుని, బాలమణిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లాడు. అక్కడ కూడా గుమ్మడికాయే పనిచేసింది. ఎస్సై నాలుగుసార్లు చూసి, మా ఇంట్లో కూడా ఉందని అన్నాడట.

చీకటి పడకముందే బాలనర్సయ్యను ఆటోలో తెచ్చారు. అరికాళ్లు వాచి నేల మీద ఆనడం లేదు. ఎడమ చెవి దగ్గర ఎవరైనా మాట్లాడితే తల తిప్పి కుడి చెవి పెడుతున్నాడు. గేటు దాటి వరండాలోకి వస్తూ పైనున్న కెమెరాను చూసి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటి వరకూ వరండాలో నడిచేటప్పుడు అలాగే నడుస్తాడు. కరెంటు పోతే జనరేటర్ వేయడానికి ఎల్లమ్మే వెళుతుంది. అతను గేటు దగ్గర కుర్చీలోనే, రెండు చేతులూ మోకాళ్ల మీద అందరికీ కనబడేలా పెట్టుకుని కూర్చుంటాడు. వడ్డాణం నెల తర్వాత దొరికింది. శ్యామలాదేవి అన్న కొడుకు దగ్గర మారు తాళం చెవి ఉండేదట, ఆ కుర్రాడు కెమెరా లేని వెనక మెట్ల మీదుగా ఎక్కాడట. ఆమె ఏడుస్తూ వచ్చి బాలనర్సయ్యకు దండం పెట్టింది. అతను, "మంచిదమ్మా," అని ఊరుకున్నాడు.

తబిత సోమవారం ఆఫీసుకు వెళ్లి ఆ తొమ్మిది లైన్లు మళ్లీ పెట్టింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఏం మార్చావని రాయాల్సిన చోట 'కరెంటు ఒడుదుడుకులకు తట్టుకునే ఏర్పాటు' అని మాత్రం రాసింది. శ్రీకాంత్ చదివాడు, తబితను చూశాడు, సంతకం పెట్టాడు. అతనికీ పిల్లలున్నారు, వాళ్ల ముఖం చూడాలి కదా. ఆరు వారాలకు కొత్త సాఫ్ట్‌వేర్ బయటికొచ్చింది. తబితే స్టూలెక్కి మల్లిక అపార్ట్‌మెంట్ పెట్టెలో ఎక్కించింది.

"గిప్పుడు బొమ్మ జర కుంటుతుంది తబితమ్మా," అన్నాడు లక్ష్మయ్య.

"కుంటనివ్వండి అంకుల్."

అప్పటికే ఊళ్లో కథ మారిపోయింది. తబితే వీడియో మార్చి వాచ్‌మన్‌ను కాపాడిందని, అసలు గుమ్మడికాయను చెరిపింది ఆమేనని. కృష్ణానగర్ నుంచి ఒకాయన వచ్చి, తన పెళ్లి వీడియోలోంచి బావమరిదిని తీసేయగలరా అని అడిగి వెళ్లాడు. చర్చి బయట ఇద్దరు ముసలమ్మలు తబిత చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు. అరకు నుంచి వచ్చిన ప్రేమ్ చంద్ ఆ కథను యూనిట్ అంతా చెప్పుకుంటున్నారని గర్వంగా అన్నాడు. తబిత కాదు అనలేదు, అవును అనలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లేది. రాత్రి పగలు ఒకటే భయం. పట్టుబడతానని కాదు, ఇలాగే మెచ్చుకుంటూ పోతారని.

సీతాఫలాలు వచ్చే రోజులకు బాలనర్సయ్య చెప్పులేసుకుని నడవగలిగాడు. ఒక ఆదివారం ఎల్లమ్మ బుట్టలో నాలుగు సీతాఫలాలు తెచ్చి వంటింట్లో పెట్టింది. అంట్లు తోమింది. తలుపు తుడవడానికి గుడ్డ తడిపి, తుడవకుండా గడప మీద కూర్చుంది. తబిత గదిలోంచి వచ్చి ఎదురుగా నిలబడింది. ప్రేమ్ చంద్ ఇంట్లో లేడు.

"ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు బిడ్డా," అంది ఎల్లమ్మ. "అందరు నిన్ను దేవత అంటున్రు. నేను సుత అన్న. కానీ గీ తలుపు నేను పొద్దుకొక్కసారి తుడుస్త, నాకే ఎర్క పడుతది ఏడ పెచ్చు ఊడిందో. నువ్ రోజూ రెండుసార్లు తీస్తవ్, రెండుసార్లు ఏస్తవ్." గుడ్డను మోకాలి మీద పరిచి మళ్లీ మడిచింది. "గురువారం నాడు మీటింగ్ల గా వీడియో జూసినవ్ గద. గప్పుడు నీ తలుపు నీకు ఎర్క పడలేదా?"

మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లడానికి తబిత ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. తర్వాత వచ్చి ఎల్లమ్మ పక్కనే, గడప మీద కూర్చుంది.

"పడింది ఎల్లమ్మా. మొదటిసారి చూసినప్పుడే పడింది. అది నా తలుపని, ఆయన సర్దింది నా చెప్పునని, ఆ మిషన్ తప్పు చేస్తుందని కూడా తెలుసు, చేసినదాన్ని నేనే కాబట్టి. చెబితే ఉద్యోగం పోతుందని రెండు రాత్రులు ఇక్కడే, ఈ తలుపు వేసుకుని కూర్చున్నాను."